గుమ్మిలో ఓడ గంట

వడ్ల గుమ్మిలోంచి గంట బయటికి వచ్చింది.

హెడ్ కానిస్టేబుల్ చందు భుజం దాకా చెయ్యి దూర్చి, వడ్లు ఎడాపెడా తోసి, రెండు చేతులా పట్టి లాగాడు. పెద్ద గుమ్మడికాయంత ఇత్తడి గంట. ఒంటినిండా పచ్చటి చిలుము. అంచు మీద చెక్కిన ఇంగ్లీషు అక్షరాలు. దాంతోపాటు ఒక వాసన కూడా గుప్పున బయటికి వచ్చింది.

ఎస్.ఐ. బానోత్ లత ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుంది.

“సముద్రం గింత కంపు కొడ్తదా మేడం?” చందు అడిగాడు.

“ఏమో. ఒక్కసారే చూసిన, కాలేజి టూర్‌ల. అప్పుడు చేపల వాసనొచ్చింది.”

“ఎనభై ఏండ్లు నీళ్లల్ల నానింది గద. కుళ్లి ఉంటది.”

ఇత్తడి ఎక్కడైనా కుళ్లుతుందా? లత ఆ ప్రశ్న వేసుకోవలసింది. వేసుకోలేదు. సముద్రానికి ఇంత దూరంలో పుట్టి పెరిగినవాళ్లు సముద్రం గురించి ఎవరు ఏం చెప్పినా తలూపుతారు. ఆమె కూడా అందుకు మినహాయింపు కాదు.

గూడూరు మండలం, చింతగడ్డ తండా. ఉదయం తొమ్మిదిన్నర. గుడిసె ముందు తండా అంతా మూగింది.

ఫిర్యాదుదారు భూపాల్ గుమ్మం బయట బండరాయి మీద నిలబడ్డాడు. అతనిది మొగుళ్లపల్లి. భూములున్నాయి, ట్రాక్టర్లున్నాయి, ప్రతి పార్టీలోనూ ఒక చుట్టం ఉన్నాడు. నాలుగేళ్లుగా సముద్రం ఒడ్డున ఒక స్కూబా డైవింగ్ సెంటర్ కూడా నడుపుతున్నాడు. తెల్ల చెప్పులకు తండా మట్టి అంటకూడదని కాబోలు, వచ్చినప్పటి నుంచి రాయి దిగలేదు.

“నేను చెప్పలే మేడం? గంట గీడనే ఉంటదని!” అన్నాడు. “సుభాష్‌గాడు దొంగ. ఇగ సాక్ష్యం గావాల్నా?”

“గంట దొరికింది. సుభాష్ దొరకలే,” అంది లత.

“వాడు గూడ దొరుకుతడు. మెల్లగ.”

తండా పెద్ద బీక్యా కింద ఉమ్మేశాడు. “మా తండ ఇజ్జత్ తీసిండు. సదువుకున్నడు, సముద్రంల దిగుతడు అని నలుగురికి చెప్పుకున్నం. థూ!”

సుభాష్ తల్లి సోమ్లీ ఒక పక్కగా కూర్చుని ఉంది. కిందపడ్డ వడ్లు చీరకొంగులోకి ఎత్తుకుంటోంది. భర్త పోయాక మిరప తోటల్లో కూలికి పోయి ఒక్కగానొక్క కొడుకుని పెంచిన మనిషి. కొడుకు కనబడక రెండు వారాలు దాటింది.

లత ఆమె పక్కన కూర్చుంది. తనూ తండా పిల్లే. తమ మాటలో అమ్మను పిలిచినట్టే పిలిచింది.

“యాడీ, ఈ గంట నీ గుమ్మిలకెట్ల వచ్చింది?”

“నాకు తెల్వది బిడ్డా.”

“సుభాష్ ఇంటికొచ్చిండా?”

“రాలే. వస్తే గింత తిండి పెట్టకపోదునా?”

“ఫోన్?”

“బంద్ ఉన్నది.” సోమ్లీ గొంతు తగ్గించింది. “బిడ్డా, నా కొడుకు దొంగనా?”

“ఇంకా తెల్వది యాడీ. ఇన్వెస్టిగేషన్ చెయ్యాలె.”

“ఏం చెయ్యకు. దొంగే అని రాసుకో.”

లత ఆమె ముఖంలోకి చూసింది.

“దొంగైతే యాడనో దాక్కొని ఉంటడు. బతికుంటడు. నువ్వు ఎన్నడన్న వచ్చి, దొంగ దొరికిండు అని చెప్తే నీ కాళ్లు మొక్కుత,” అంది సోమ్లీ.

*

మధ్యాహ్నం స్టేషన్లో స్టేట్‌మెంట్లు. గంటను బల్ల మీద పెట్టారు. కిటికీలు తెరిచినా వాసన పోవడం లేదు.

భూపాల్ కుర్చీలో వెనక్కి వాలాడు. పక్కన అతని బామ్మర్ది రాకేశ్. పడవా, గాలి సిలిండర్లూ, టూరిస్టులూ చూసుకునేది ఇతనే. ఫ్యాను కింద కూడా చెమట పడుతోంది.

“ఓడ సంగతి చెప్పుండ్రి,” అంది లత.

“దాని పేరు గోమతి. ఇంగ్లీషోళ్ల సరుకు ఓడ మేడం,” భూపాల్ గైడులా అందుకున్నాడు. “రెండో ప్రపంచ యుద్ధంల జపానోళ్లు విమానాలకెళ్లి బాంబులేసి ముంచిండ్రు. ఒడ్డు నుంచి పడవల గంటసేపు పోవాలె. ముప్పై మీటర్ల లోతుల రెండు తునకలై పడ్డది. టూరిస్టులను దింపి చూపిస్తం.”

“ఓడ లోపలికి కూడ పోతరా?”

“లేదు, లేదు. బయట నుంచే. లోపలికి పోవుడు బంద్. రూల్ ఉన్నది.”

“సుభాష్ ఎట్ల చేరిండు?”

“మా యెవుసం బావిల మోటరు పడితే ఊపిరి బిగవట్టి దిగి తాడు కట్టిండు మేడం. గా ఊపిరి చూసి నేనే తీస్కపోయిన. ట్రైనింగ్ ఇప్పించిన. అన్నం పెట్టినందుకు గిదీ బహుమానం.”

లత రాకేశ్ వైపు తిరిగింది. “ఆ దినం ఏమైంది?”

“పొద్దుగాల టూరిస్టులతోని రెండు డైవ్‌లు అయినయి. పదకొండున్నరకు సుభాష్ ఒక్కడే మల్ల దిగిండు. గంట దొరికిందని లిఫ్ట్ బ్యాగ్ కట్టి పైకి తెచ్చిండు.”

“లిఫ్ట్ బ్యాగ్ అంటే?”

“గాలి నింపే సంచి మేడం. బరువును అదే పైకి లేపుతది. ఒడ్డుకు వచ్చినంక మేం తినుకుంట కూసున్నం. వాడు గంట తీస్కొని ఉరికిండు.”

“ఏం తిన్నరు?”

రాకేశ్ బావ వైపు చూశాడు. ఈ ప్రశ్నకు జవాబు ఇద్దరూ అనుకుని రాలేదు.

“బిర్యాని,” అన్నాడు. “చేపల బిర్యాని.”

“వరసగ మూడోసారి, ఒక్కడే ఎందుకు దిగిండు?”

“వాని ఇష్టం మేడం. గంట మీద కన్ను పడ్డది.”

“సముద్రం కాడ దొంగతనమైతే అక్కడి స్టేషన్ల చెప్పాలె గద. ఈడికెందుకు వచ్చిండ్రు?”

“వాడు ఇంటికే చేరుతడని తెలుసు,” భూపాల్ నవ్వాడు. “యాడ జరిగినా ఏ స్టేషన్లనన్న రాపియ్యొచ్చు, జీరో ఎఫ్ఐఆర్ అని ఒకటి ఉన్నది గద మేడం. నాకు గూడ జర కానూన్ తెలుసు.”

వాళ్లు వెళ్లాక చందు గంటకు కట్టాల్సిన చీటీ రాయడానికి కూర్చున్నాడు.

“గోమతి స్పెల్లింగ్... అగో, దీని మీదనే ఉన్నది. జీ, ఓ, ఎమ్, ఏ, టీ, హెచ్, ఐ. మీ పేరుల లెక్కనే మేడం, టీ పక్కకు హెచ్.”

లత యూనిఫాం మీది నేమ్‌ప్లేట్ చూసుకుని నవ్వింది. ట్రైనింగ్‌లో ఉత్తరాది నుంచి వచ్చిన ఒక ఆఫీసర్ ఆ పేరు చూసి, ఆ హెచ్ ఎందుకమ్మా, ఊరికే వచ్చిందనా, అని ఆటపట్టించేవాడు. ‘టీ ఒక్కటే రాస్తే మా దగ్గర లట అంటారు సార్’ అని ఆమె జవాబు. ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు. వాళ్ల వైపు లతలందరూ హెచ్ లేకుండానే బతుకుతున్నారు.

చందు చీటీ కట్టాడు. గంట ప్రాపర్టీ రూములోకి వెళ్లింది.

*

మరునాడు పొద్దున్నే సోమ్లీ స్టేషన్ ముందు కూర్చుని ఉంది. తండా నుంచి తొలి ఆటోకే వచ్చినట్టుంది.

“లోపలికి రా యాడీ.”

“నీకు ఒకటి చూపిద్దామని వచ్చిన.” సోమ్లీ రవికలోంచి ఫోను తీసింది. కొడుకు కొనిచ్చిన ఫోను. అద్దం పగిలింది. ఎక్కడ నొక్కాలో ఆమె వేలికి కంఠతా వచ్చు.

సుభాష్ పంపిన వీడియో మొదలైంది.

నీలంగా నీళ్లు. అడుగున నల్లటి ఆకారం. కెమెరా కిందికి దిగినకొద్దీ అది ఓడ అయింది. వంగిన కమ్మీలు. మూతి బురదలో కూరుకున్న ఫిరంగి. దాని గొట్టంలోంచి తొంగిచూసే చేపలు. ఫ్రేములోకి ఒక చెయ్యి వచ్చింది. గ్లవ్ వేసుకున్న ఆ చెయ్యి ఓడ వెనక భాగాన్ని గట్టిగా రుద్దింది. నాచు పొగలా లేచింది. కింద ఉబ్బెత్తు ఇనుప అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. తర్వాత కెమెరా తిరిగింది. మాస్క్‌లో రెండు నవ్వే కళ్లు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాడు సుభాష్.

“గట్ల సున్న సుడితే, బాగనే ఉన్న అని అట,” అంది సోమ్లీ. “నీళ్లల్ల మాట్లాడరాదు గద. గట్ల చెప్తరంట.”

“ఎన్నిసార్లు చూసినవు యాడీ?”

“పొద్దుగాల లేస్తే చూస్త. పండుకునేటప్పుడు చూస్త. గీ బుగ్గలు సూడు బిడ్డా. పైకి పోతున్నయి గద. గివి నా కొడుకు ఊపిరి. బుగ్గలు వస్తున్నయంటే బతికున్నట్టే.”

లత బుడగలు చూసింది. గుప్పెడు గుప్పెడుగా, వెండి రంగులో పైకి పోతున్నాయి. పక్కన కూర్చున్న తల్లి వాటితోపాటే ఊపిరి పీల్చి వదులుతోంది.

“వీడియో నాకు పంపించుకుంట. సరేనా?”

“పంపించుకో. తుడవకు.”

“తుడవను యాడీ. ఒక మాట అడుగుత. సుభాష్ కనబడకుండ పోయినంక మీ ఇంటికెవ్వరన్న వచ్చిండ్రా?”

“ఎవ్వరొస్తరు? ఆ సెంటర్ల ఉండే పిల్లగాడు ఒక్కడు వచ్చిండు. రాకేశ్. నా కొడుకు బట్టల సంచి తెచ్చిచ్చిండు. కష్టపడి వచ్చిండని చాయ్ పెట్టిన. ఇంట్ల పాలు లెవ్వు. బీక్యా ఇంటికి పోయి పాలు తెచ్చి పెట్టిన.”

“పాలకు పోయినప్పుడు ఇంట్ల ఎవ్వరున్నరు?”

“ఆయనే. సల్లగ కూసున్నడు పాపం. చాయ్ తాగి, బాగున్నదమ్మా అన్నడు.”

రుజువు ఇంకా ఏమీ లేదు. కానీ ఆ ‘బాగున్నదమ్మా’ లత చెవిలో పురుగులా మెదిలింది.

*

ఆ సాయంత్రమే లత జీపు మొగుళ్లపల్లిలో భూపాల్ ఇంటి ముందు ఆగింది.

హాల్లో గోడనిండా ఫొటోలు. కాళ్లకు ఫిన్స్ తొడుక్కున్న భూపాల్, మాస్క్ నుదుటికెత్తుకున్న భూపాల్. నీళ్లలోకి దిగిన భూపాల్ మాత్రం ఒక్కటీ లేదు. మధ్యలో, అద్దం కట్టించిన పేపర్ కటింగ్: ‘యుద్ధకాలపు ఓడ గంటతో పరారైన డైవర్’. కింద సెంటర్ ఫోన్ నంబరు కూడా పడింది.

“ఫ్రేము కట్టించిండ్రు?” అంది లత.

“మన జిల్లా పేరు గద మేడం. ఆ వార్త వచ్చినంక మస్తు మంది ఫోన్ చేస్తున్నరు. గా ఓడ మేం గూడ చూస్తం అంటున్నరు.”

దొంగతనమైతే ఏడవాలి. ఈ మనిషి గోడకు తగిలించుకున్నాడు. లత పళ్లు కొరుక్కుని పెరట్లోకి నడిచింది.

“అటు ఏమున్నది మేడం? పసురాల కొట్టమే...”

పశువుల కొట్టమే. రెండు ఎడ్లు, నాలుగు బర్రెలు. గచ్చు మీదుగా మూత్రం పారి ఒక మూల గుంతలో పడుతోంది. గుంత మీద గోనెపట్టా కప్పి ఉంది. పక్కన సగం వాడిన రాళ్ల ఉప్పు బస్తా.

లత ఒక్క అడుగు దగ్గరికి వేసింది.

వాసన.

కళ్లు మండించే, ముక్కు చీల్చే అదే వాసన. గుమ్మిలో వచ్చింది. ప్రాపర్టీ రూములో వస్తోంది. రెండు రోజులుగా సముద్రం వాసన అనుకుంటూ ముక్కు మూసుకుంటున్నది దీనికే. సముద్రం ఏనాడూ చూడని చందుకు తెలియకపోతే పోనీ. తండాలో దూడల మధ్య పెరిగిన తనకేమైంది? సముద్రం అన్న మాట వినగానే ముక్కు కూడా మూగబోయింది.

ఆమె భూపాల్‌తో ఏమీ అనలేదు. “నీట్‌గ ఉన్నది కొట్టం,” అని జీపు ఎక్కింది.

స్టేషన్‌కు వచ్చి గంటను మళ్లీ బల్ల మీద పెట్టించింది. బ్లేడుతో ఒక మూల గీకింది. చిలుము పొరలా లేచింది. కింద ఇత్తడి కొత్త బిందెలా మెరిసింది.

“మేడం, ఎనభై ఏండ్ల గంట గిట్ల మెరుస్తదా?” చందు నోరు తెరిచాడు.

“ఉప్పేసిన మూత్రంల పది దినాలు నానేస్తే ఇత్తడి గిట్లనే పచ్చగైతది. ఇది సముద్రంల నానలే చందూ. కొట్టంల నానింది.”

“అయితే అసలు గంట ఏడున్నది? వాడు అసలుది అమ్ముకొని, నకిలీది ఇంట్ల పెట్టిండా?”

మంచి ప్రశ్నే. భూపాల్ కూడా సరిగ్గా ఇదే అంటాడు. మూత్రం వాసన ఒక్కటే పట్టుకుని కోర్టుకు పోతే నవ్వుతారు.

లత సుభాష్ వీడియో తెరిచింది. ఈసారి బుడగలు చూడలేదు. ఓడ వెనక భాగం దగ్గర ఆపి, పెద్దది చేసి, అక్షరాలు వేలితో లెక్కపెట్టింది. గంట వైపు చూసింది. మళ్లీ ఫోను చూసింది. చివరికి తన నేమ్‌ప్లేట్ చూసుకుంది.

“చందూ, రేపు పొద్దుగాల జనగామ పోవాలె.”

“దేనికి మేడం?”

“పెంబర్తికి. మన దిక్కు ఇత్తడి గంట కావాలంటే ఎవ్వరన్న ఏడికి పోతరు?”

*

రెండు రోజుల తర్వాత, ఉదయం పదకొండు గంటలకు, అందరూ స్టేషన్లో కూర్చున్నారు. భూపాల్, రాకేశ్ ఒక వైపు. గంట దొరికినప్పటి పంచనామా సాక్షిగా బీక్యా ఇంకో వైపు. బల్ల మీద గంట. సోమ్లీని లత పిలవలేదు.

“దొంగ దొరికిండా మేడం?” భూపాల్ అడిగాడు.

“దొరికిండు. కూసోండ్రి.”

లత ఫోనును గంట పక్కన నిలబెట్టింది. తెర మీద ఓడ వెనక భాగం, నాచు తుడిచిన అక్షరాలు.

“బీక్యా తాతా, నీకు ఇంగ్లీషు అక్షరాలు వస్తయా?”

“గుర్తువడ్త బిడ్డా. చదువరాదు.”

“లెక్కపెట్టు. ఓడ మీద ఎన్ని? గంట మీద ఎన్ని?”

బీక్యా వంగి చూశాడు. “ఓడ మీద ఆరు. గంట మీద ఏడు.”

“ఏడోది హెచ్,” అంది లత. “ఓడ పేరు రాసింది ఇంగ్లీషోళ్లు. గోమతికి వాళ్లు టీ, ఐ రాసిండ్రు. హెచ్ లేదు. ‘త’ పలకాలంటే టీ పక్కకు హెచ్ పెట్టేది మనం. లత, స్వాతి, గోమతి. నా పేరుల గూడ ఉన్నది, చూడుండ్రి. గీ గంట మీద పేరు రాయించినోడు ఇంగ్లీషోడు కాదు. మనోడు.”

బీక్యా నేమ్‌ప్లేట్ చూసి, గంట మీది హెచ్‌ను వేలితో తడిమాడు.

భూపాల్ తేరుకున్నాడు. “అంటే సుభాష్‌గాడే నకిలీ చేపిచ్చిండన్నట్టు! అసలుది అమ్ముకున్నడు!”

“అంటరని తెలుసు. చందూ, వినిపించు.”

చందు తన ఫోన్లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. పెంబర్తిలో గంట పోతపోసినవాళ్ల ఫోనులోంచి తెచ్చుకున్నది. మాట స్పష్టంగా వినబడింది. ‘అన్నా, పేరు జర జాగ్రత్తగ చెక్కాలె. జీ, ఓ, ఎమ్, ఏ, టీ, హెచ్, ఐ. జల్ది గావాలె.’

రాకేశ్ గొంతు.

“ఈ మెసేజ్ పోయింది సుభాష్ కనబడకుండ పోయినంక,” అంది లత. “గుడికి గంట అని చెప్పిండ్రంట. వాళ్లు నమ్మి పోసిచ్చిండ్రు. దాన్ని నువ్వు మీ బావ కొట్టంల నానబెట్టినవు. బట్టల సంచి నెపం పెట్టుకొని తండకు తీస్కపోయినవు. ఆ తల్లి నీ చాయ్‌కి పాల కోసం పోతే గుమ్మిల దాసినవు. అవునా, కాదా?”

రాకేశ్ కుర్చీ అంచుకు జరిగాడు.

“సముద్రంలకెళ్లి గంట రాలేదు. గంటే రానప్పుడు, దాన్ని పట్టుకొని సుభాష్ ఎట్ల వచ్చిండు?” లత ముందుకు వంగింది. “మూడోసారి దిగిండు. ఆ మాట నిజం. పైకి వచ్చిండన్నదే అబద్ధం. మీరు అక్కడి స్టేషన్‌కు ఎందుకు పోలేదో చెప్పాల్నా? అక్కడి పోలీసులైతే సముద్రంల వెతుకుతరు. మేమైతే గుమ్మిల వెతుకుతం. గందుకు.”

“మేడం...” రాకేశ్ ఏడుపు మొదలుపెట్టాడు.

“ఏడుపు తర్వాత. ఎందుకు దింపిండ్రు?”

“మా ఫ్రెండ్స్ వచ్చిండ్రు. ఒకని కెమెరా జారి ఓడ లోపటి గదిల పడ్డది. గా కెమెరా తీస్తేనే పోత అని లొల్లి పెట్టిండు. బావకు ఫోన్ చేసిన. పెద్దింటి పిలగాడు, సుభాష్‌గాణ్ణి దింపు అన్నడు.”

“సుభాష్ ఏమన్నడు?”

“అప్పటికే రెండుసార్లు దిగిండు. కొద్దిసేపు ఆగి, సిలిండర్ మార్చుకొని దిగుత అన్నడు. మేమే తొందర పెట్టినం. సగం సిలిండర్‌తోనే దిగిండు.”

“తర్వాత?”

“బుగ్గలు వచ్చినయి. ఒక్క కాడనే వచ్చినయి, కదలకుంట. లోపల ఇరుక్కున్నడని సమజైంది.”

“నీకు డైవింగ్ వస్తదా?”

“వస్తది.”

“దిగినవా?”

“లేదు.”

“ఎంతసేపు చూసినవు?”

రాకేశ్ నేల చూశాడు. “బుగ్గలు ఆగేదాక.”

“తర్వాత?”

“ఒడ్డుకు వచ్చినం.”

“తర్వాత?”

“తిన్నం.”

బీక్యా లేచి నిలబడ్డాడు. ఆ రోజు తండాలో ఉమ్మిన మనిషికి ఇప్పుడు నోట్లో తడి లేదు. రెండు చేతులతో తల పట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

భూపాల్ గొంతు సవరించుకున్నాడు. పంచాయితీలో మాట్లాడినట్టే మాట్లాడాడు. “మేడం, అయిందేదో అయింది. వాడు పోయిండు, మనం తేలేం. చచ్చిండని చెప్తే ఆ ముసల్ది గుండె పగిలి చస్తుండె. దొంగ అంటే కొడుకు యాడనో బతికున్నడనుకుంటది. ఒక లెక్కన చూస్తే నేను ఆమెకు మంచే చేసిన.”

ఆ మాట లత అంతకుముందే విన్నది. కిందపడ్డ వడ్లు ఎత్తుకుంటూ ఒక తల్లి అన్న మాట. ఆ తల్లి పట్టుకుని వేలాడుతున్న ఒకే ఒక్క ఆశ ఈ మనిషి నోట్లో ఇట్లా నలుగుతోంది, పాన్ నమిలినట్టు.

ఆమె లేచి గబగబా వెనక తలుపు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది. మొహం కడుక్కుంది. మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చుంది.

“చందూ, ఇద్దరినీ అరెస్ట్ చెయ్యి. తీరం స్టేషన్‌కు ఫోన్ కలుపు. వాళ్ల డైవర్లు పొద్దున్నుంచి రెడీగ ఉన్నరు. ఓడ లోపటి గది అని చెప్పు.” తర్వాత గంట వైపు చూపించింది. “దాన్ని తీసుకపో. నా బల్ల మీద ఉంచకు.”

భూపాల్ వెళ్తూ వెళ్తూ ఎవరికో ఫోన్ చేస్తానన్నాడు. చందు ఫోన్ లాక్కున్నాడు.

*

కబురు మరుసటి రోజు మధ్యాహ్నం వచ్చింది. సరుకు గదిలో, వంగిన కమ్మీల వెనక, సుభాష్ దొరికాడు. సిలిండర్ ఖాళీ. కుడి మణికట్టుకు కెమెరా తాడు చుట్టుకుని ఉంది. వాళ్లు అడిగింది అతను వెతికి పట్టుకున్నాడు. తెచ్చి ఇవ్వడానికే గాలి చాలలేదు.

లత ఒక్కతే చింతగడ్డ తండాకు వెళ్లింది. జీపును దూరంగానే ఆపించి నడిచింది. దారిలో బీక్యా ఎదురయ్యాడు. అతను తండాలో ఎవరికీ ఏమీ చెప్పలేదని ముఖం చూస్తేనే తెలిసింది. పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

సోమ్లీ గుడిసె ముందు చేటలో మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది. ఫోను గోడకు ఆనించి ఉంది. వీడియో నడుస్తోంది.

లతను చూసి ఆమె ముఖం విచ్చుకుంది. చేట పక్కకు నెట్టింది.

“దొంగ దొరికిండా బిడ్డా?”

లత టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

“దొరికిండు యాడీ.”

“ఏడ?”

సోమ్లీ టోపీ చూసింది, టోపీ లేని తల చూసింది, దూరంగా ఆగిన జీపు చూసింది. ఆమె చేతిలోని మిరపకాయ కింద పడింది.

“నీ కొడుకు దొంగ కాదు యాడీ. ఏం దొంగతనం చెయ్యలే.”

సోమ్లీ ఫోను వైపు తిరిగింది. ఫోనులో సుభాష్ నాచు తుడిచాడు, కెమెరా తన వైపు తిప్పుకుని, వేళ్లతో సున్నా చుట్టాడు. బుడగలు పైకి లేచాయి. వీడియో అయిపోయింది. ఆమె వేలు మళ్లీ నొక్కబోయి, అద్దం మీదే ఆగిపోయింది.

“పొద్దు గూకేదాకనన్న వాణ్ణి దొంగనే ఉండనియ్యి, బిడ్డా,” అంది.

లత ఆమె పక్కన నేల మీద కూర్చుంది.